మాత్రతో పాటు గ్లాసుడు నీళ్లు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

విషయం: ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోనూ, పలాస కిడ్నీ పరిశోధన కేంద్రంలోనూ జరిగే క్లినికల్ ట్రయల్స్‌లో ప్రోటోకాల్ (పరీక్ష ఎలా జరగాలో రాసిన పత్రం) ఖరారు కాకముందే రోగులను సంప్రదించడం గురించి.

మందుల పరీక్షల ప్రోటోకాల్స్‌లో "మాత్రను 240 మి.లీ. నీటితో మింగాలి" అనే వాక్యం తరచూ కనిపిస్తుంది. రెండు కంపెనీల మందు ఒంట్లోకి ఒకేలా చేరుతుందా అని ఆరోగ్యవంతుల మీద చేసే బయోఈక్వివలెన్స్ పరీక్షల నుంచి వచ్చిన అలవాటు అది. అక్కడ ఏ ఇబ్బందీ లేదు. అదే వాక్యం కాపీ పేస్టులో డయాలసిస్ రోగుల ట్రయల్‌లోకి వచ్చిందనుకోండి. మూత్రం దాదాపు ఆగిపోయిన మనిషికి డాక్టర్లు రోజుకి అనుమతించేది ముప్పావు లీటరు, మహా అయితే లీటరు. టీ, మజ్జిగ, చారు, మిగతా మాత్రలు మింగే నీళ్లు అన్నీ అందులోనే. పూటకో మాత్ర చొప్పున రెండు పూటలంటే 480 మి.లీ. సగం కోటా ఒక్క ట్రయల్ మందుకే పోయింది.

అప్పుడు రెండు రకాలుగా జరుగుతుంది. మాట వినని రోగి గుక్కెడు నీళ్లతో మింగేసి, డైరీలో మాత్రం "గ్లాసుడు" అని టిక్కు పెడతాడు. మాట వినే రోగి చెప్పినట్టే తాగి, ఒంట్లో నీరు నిలిచి, బరువు పెరిగి డయాలసిస్ సిట్టింగ్‌కి వస్తాడు. నాలుగు గంటల్లో ఎక్కువ నీరు లాగాల్సి రావడంతో బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. కోఆర్డినేటర్ దాన్ని ఫారంలో దుష్ఫలితంగా రాస్తాడు. నీళ్లు చేసిన పని మందు ఖాతాలో పడుతుంది. ప్రోటోకాల్ రాసినవారు, లెక్కలు చూసినవారు, ఆమోదించిన కమిటీ అందరూ దాటిపోగల ఈ పొరపాటును, డయాలసిస్ కుర్చీలో ఏడాది కూర్చున్న మనిషి మొదటిసారి చదివినప్పుడే పట్టుకుంటాడు.

మేము ట్రయల్ కోఆర్డినేటర్లం, ఎథిక్స్ కమిటీ సభ్యులం, ఫార్మకాలజీ అధ్యాపకులం. ఆ చదివే అవకాశం రోగికి కల్పించమని అడగడానికే ఈ లేఖ. దీనికి ఢిల్లీలో చట్టం మారనక్కరలేదు, మీ శాఖ ఉత్తర్వు చాలు.

ఇప్పుడున్న నిబంధనల్లో రోగి ఎక్కడున్నాడో చూడండి. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, ట్రయల్స్‌ను పరిశీలించి ఆమోదించే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురుండాలి. వారిలో న్యాయం తెలిసినవారు ఒకరు, సామాజిక శాస్త్రవేత్త లేదా స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి లాంటివారు ఒకరు, ఒక సామాన్య వ్యక్తి, కనీసం ఒక మహిళ. సగం మంది ఆ సంస్థకు బయటివారై ఉండాలి. మంచిదే. రోగి ఉండాలని మాత్రం ఎక్కడా లేదు. "సామాన్య వ్యక్తి" ఆ లోటు తీరుస్తాడని అనుకుంటారు. ఆ కుర్చీలో సాధారణంగా కూర్చునేది రిటైరైన హెడ్మాస్టరో బ్యాంకు మేనేజరో. సమ్మతి పత్రంలో అచ్చుతప్పులు శ్రద్ధగా దిద్దుతారు. ఫిస్టులా (డయాలసిస్ సూది కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్న చేతి నుంచి రక్తం తీయకూడదని ఆయనకు తెలియాల్సిన అవసరం లేదు, తెలియదు కూడా. రోగుల ప్రతినిధులను ఓటు లేకుండా సమావేశానికి పిలవవచ్చని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు దారి చూపాయి. ఆ వెసులుబాటును వాడుకునే కమిటీలు అరుదు. మనుషుల మీద పరిశోధనకు ప్రపంచ వైద్య సంఘం పెట్టిన నైతిక సూత్రాలైన హెల్సింకీ ప్రకటన 2024 సవరణలో "సబ్జెక్ట్" అనే మాట తీసేసి "పాల్గొనేవారు" అని పెట్టారు. పరిశోధనకు ముందు, జరుగుతున్నప్పుడు, అయిపోయాక కూడా వారిని భాగస్వాములను చేయాలన్నారు. మన నిబంధనల్లో ఇంకా "ట్రయల్ సబ్జెక్ట్" అనే ఉంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి మీకు మేము చెప్పాల్సిన పని లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాల్లో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. ఏళ్ల తరబడి బృందాలు వచ్చి రక్తం, మూత్రం, తాగునీళ్లు, మట్టి పట్టుకెళ్లాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు పరిశోధన కేంద్రం కూడా ప్రారంభమైంది. ఇకముందు అక్కడ జరిగే పరిశోధన పాత పద్ధతిలో మొదలవుతుందా, రోగిని కూర్చోబెట్టుకుని మొదలవుతుందా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. అలవాటు ఒకసారి పడితే మార్చడం కష్టం.

మొదట తేల్చాల్సింది ట్రయల్‌లో ఏం కొలవాలన్నది. డయాలసిస్ ట్రయల్స్‌లో చాలాకాలం ఫాస్ఫరస్, హిమోగ్లోబిన్, పారాథైరాయిడ్ హార్మోన్ లాంటి ల్యాబ్ అంకెలే కొలిచేవారు. సాంగ్ అనే అంతర్జాతీయ ప్రయత్నంలో పలు దేశాల రోగులను, వారి ఇంటివారిని, వైద్యులను కలిపి అడిగితే, హీమోడయాలసిస్ ట్రయల్స్ అన్నింట్లో తప్పక కొలవాల్సినవి నాలుగు తేలాయి: నీరసం, గుండె జబ్బు, ఫిస్టులా లాంటి రక్తనాళ మార్గం పనితీరు, మరణం. నీరసం ఆ జాబితాకెక్కింది రోగులు పట్టుబట్టడం వల్లే. దాన్ని కొలవడానికి మూడే ప్రశ్నల చిన్న కొలమానం కూడా తయారుచేశారు.

దాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు ఎక్కడ కాలు జారుతుందో చెబుతాం. "ఫెటీగ్" అనే ఇంగ్లిష్ మాటకు నిఘంటువు "అలసట" అని చెబుతుంది. తెలుగులో అలసట పని చేస్తే వచ్చేది, పడుకుంటే పోయేది. డయాలసిస్ అయ్యాక ఇంటికొచ్చి మంచం మీద వాలిపోయే మనిషి "అలసిపోయాను" అనడు. "ఒంట్లో ఓపిక లేదు" అంటాడు, "నీరసం కమ్మేసింది" అంటాడు. "మీకు అలసటగా ఉందా?" అని అడిగితే, "నేనేం పని చేశానని అలసట?" అనుకుని సున్నా పెట్టించుకుంటాడు. ఎప్పుడు అడుగుతున్నామన్నదీ ముఖ్యమే. సూది తీసిన వెంటనే అడిగితే ఒక జవాబు, మర్నాడు అడిగితే ఇంకో జవాబు. ఒక ఆసుపత్రిలో అలా, ఇంకో ఆసుపత్రిలో ఇలా అడిగితే ఆ అంకెలు పనికిరావు.

నొప్పికి పదికి ఎన్ని మార్కులేస్తారని అడగడం ఇంకో చిక్కు. బడికి వెళ్లని పెద్దవాళ్లు చాలామంది పదిలో లెక్క చెప్పరు. "రూపాయికి పావలా వంతు తగ్గింది" అంటారు. అంత స్పష్టమైన జవాబును కోఆర్డినేటర్ తన ఇష్టం వచ్చినట్టు ఏడున్నర అనో ఎనిమిది అనో రాసుకుంటాడు. అలాగని ప్రామాణిక కొలమానాన్ని మనకు తోచినట్టు మార్చేయకూడదు. ఆ జబ్బున్న ఆరేడుగురిని విడివిడిగా కూర్చోబెట్టి, ప్రశ్న చదివి, "మీకేం అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి" అని అడిగి, తేడా వచ్చినచోట మాట మార్చి, కొత్తవాళ్ల మీద మళ్లీ చూడాలి. దీనికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు లేవని చెప్పి మూడేళ్ల ట్రయల్ నడుపుతారు.

విజిట్ల షెడ్యూలు దగ్గర రోగి మాట ఇంకా పనికొస్తుంది. వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు వెళ్లే మనిషిని నాలుగో రోజు ట్రయల్ విజిట్‌కి రమ్మంటే, అతనికి మిగిలిన రోజుల్లో ఒకటి తీసేసుకున్నట్టే. సిట్టింగ్ రోజే పెట్టుకుంటే సరిపోతుంది. రక్తం కోసం వేరే సూది గుచ్చక్కరలేదు. ఎలాగూ ఫిస్టులాకి సూది పెడతారు కాబట్టి, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మందు ఇవ్వకముందే అందులోంచి తీసుకోవచ్చు. అయితే ఏ రోజు అన్నది చూసుకోవాలి. సోమ, బుధ, శుక్ర షిఫ్టులో ఉన్నవారికి సోమవారం రక్తంలో పొటాషియం, ఒంట్లో నీరు ఎక్కువగా ఉంటాయి, ఎందుకంటే శుక్రవారం తర్వాత విరామం పెద్దది. ఒకరికి సోమవారం, ఇంకొకరికి బుధవారం తీస్తే తేడా మందు వల్లా, విరామం వల్లా అన్నది తేలదు. అందరికీ వారం మధ్య సిట్టింగ్‌లోనే తీయడం మేలు. ఎంత రక్తం తీస్తారన్నది కూడా "30 మి.లీ." అని కాకుండా "ఆరు చిన్న చెంచాలు" అని చెప్పాలి. ఆ రోగులు ముందే రక్తహీనతతో ఉంటారు, వారికి అది పెద్ద ప్రశ్న.

జీడితోటల పనుల రోజుల్లో విజిట్ పెడితే రారు. రాకపోతే "లాస్ట్ టు ఫాలో అప్" (మళ్లీ రాలేదు) అని రాసేస్తారు. నూరుమంది ఫలితం కావాలి, ఇరవై శాతం జారిపోతారనుకుంటే 125 మందిని చేర్చుకోవాలి. అది ఖర్చు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. జారిపోయేది ఎవరు? బస్సెక్కే ఓపిక లేనివారు, తోడు రావడానికి మనిషి లేనివారు, కూలి మానుకోలేనివారు. అంటే బాగా జబ్బుపడ్డవారే లెక్కలోంచి తప్పుకుంటున్నారు. మిగిలినవారిని చూసి మందు బాగా పనిచేసిందంటాం. చార్జీలిస్తున్నాం కదా అంటారు. ఇస్తారు, ఒరిజినల్ టికెట్లు జతచేస్తే, రెండు మూడు నెలలకు. షేర్ ఆటోకి బిల్లెవరిస్తారు? తోడొచ్చినామె ఆ రోజు కూలి సంగతి ఏ ఫారంలోనూ ఉండదు. విజిట్‌కి ఇంత అని దూరాన్ని బట్టి ఒక మొత్తం నిర్ణయించి, రోగికీ తోడుకీ కలిపి, అదే రోజు చేతిలో పెట్టాలి.

డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగుల ట్రయల్స్‌లో ఇంకో మాట. ప్రాణాపాయం లాంటి తీవ్ర దుష్ఫలితం ఏదైనా జరిగితే పరిశోధకుడు 24 గంటల్లో తెలియజేయాలని నిబంధన. రాత్రి పది గంటలకు ఒళ్లునొప్పులు, జ్వరం వస్తే రోగి వెళ్లేది పరిశోధకుడి దగ్గరకు కాదు, వీధి చివర ఆర్ఎంపీ దగ్గరకు. అక్కడ చాలాసార్లు పడేది కిడ్నీలకు చేటు చేసే నొప్పుల మందు, డైక్లోఫెనాక్ ఇంజెక్షన్. ఆ వారం రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంది, అంటే కిడ్నీ పనితీరు తగ్గినట్టు కనిపిస్తుంది. ట్రయల్ మందు కిడ్నీని దెబ్బతీసిందేమోనని డేటాలోకి ఎక్కుతుంది. "మీకు ఒంట్లో బాగాలేకపోతే ముందు ఎక్కడికి వెళతారు?" అని రోగులను అడిగి ఉంటే, జేబులో పెట్టుకునే కార్డు ఒకటి తయారయ్యేది. అందులో పెద్ద తెలుగు అక్షరాల్లో "ఈయనకు నొప్పుల ఇంజెక్షన్ వేయవద్దు" అని, కింద రాత్రి కూడా ఎత్తే సెల్ నంబరు. సమ్మతి పత్రాల్లో చాలావరకు ఉండేది డిపార్ట్‌మెంట్ ల్యాండ్‌లైన్. సాయంత్రం నాలుగు తర్వాత దానికి చేసి చూడండి.

ఇక సమ్మతి పత్రం. ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లా అనుభవం మన ముందుంది. 2009లో మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. దాన్ని ట్రయల్ అని కూడా అనలేదు, డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు అన్నారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. టీకా వేసుకున్న పిల్లల్లో కొందరి మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ కమిటీ చెప్పింది. కానీ పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టు నాటి 72వ నివేదికలోకి ఎక్కిన లెక్క చూడండి: 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే మంచి టీకాకు ఆ పత్రాలు తెచ్చిన చెడ్డపేరు ఇంతా అంతా కాదు. ఆశ్రమ పాఠశాలలో పిల్లనుంచిన ఒక తల్లిని ముందే అడిగి ఉంటే, తల్లిదండ్రులు ఏ రోజు దొరుకుతారో, పత్రం ఏ భాషలో చదివి వినిపించాలో చెప్పేది.

ఇప్పుడు తెలుగు సమ్మతి పత్రాలు ఇంగ్లిష్ నుంచి అనువాదమై, తిరిగి ఇంగ్లిష్‌లోకి అనువదించి సరిచూసుకుని వస్తున్నాయి. ఆ పద్ధతిలో మాటకు మాట సరిపోయిందా అన్నదే తేలుతుంది. అర్థమైందా లేదా తేలదు. "మీరు యాదృచ్ఛికంగా రెండు సమూహాలలో ఒకదానికి కేటాయించబడతారు. ఇది ద్వంద్వ అంధ అధ్యయనం." తిరిగి అనువదిస్తే నిక్షేపంగా సరిపోతుంది. వినే మనిషికి "అంధ" ఒక్కటే వినబడుతుంది, కంటి పరీక్షేమో అనుకుంటాడు. ప్లాసిబోకి, అంటే మందు లేని మాత్రకి, కొన్ని పత్రాల్లో "నకిలీ మందు" అని రాస్తారు. నకిలీ మందంటే మన దగ్గర కల్తీ మందు, పోలీసు కేసు! రోగులతో కూర్చుని రాస్తే ఇలా వస్తుంది: "మీకు ఏ మాత్ర వస్తుందో డాక్టరు గారు ఎంచరు. చీటీ తీసినట్టు కంప్యూటర్ తీస్తుంది. ఒక మాత్రలో మందు ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మీకు ఏది ఇచ్చామో మీకూ తెలియదు, డాక్టరు గారికీ తెలియదు. అవసరం పడితే వెంటనే తెలుసుకునే ఏర్పాటు ఉంది."

"ఎటువంటి ప్రయోజనాలు కోల్పోకుండా స్వచ్ఛందంగా వైదొలగవచ్చు" అనే వాక్యం సంగతి మరీ విడ్డూరం. రోగి మనసులో ఉన్న భయం పేరు పెట్టి చెప్పాలి: "ఎప్పుడైనా మానేయొచ్చు. మానేసినా మీ డయాలసిస్ ఆగదు. మీ పింఛను ఆగదు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుకు ఏమీ కాదు." ఈ మూడు భయాలు ప్రోటోకాల్ రాసేవారికి తట్టవు. పెట్టాలంటే రోగి నోట వినాలి.

పత్రం ఖాయం చేసేముందు ఆ జబ్బున్న ఆరుగురికి, వారిలో కనీసం ముగ్గురు చదువురానివారికి, చదివి వినిపించి ఐదు ప్రశ్నలు అడగాలి. మామూలు వైద్యంలో లేనిది ఇందులో మీకు ఏం చేస్తారు? ఏ మందు వస్తుందో ఎవరు నిర్ణయిస్తారు? వద్దంటే ఏమవుతుంది? రాత్రి ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేస్తారు? ట్రయల్ అయిపోయాక ఆ మందు మీకు వస్తుందా? ఏ ప్రశ్నకైనా ఇద్దరు తడబడితే తప్పు పత్రానిది. చదవలేనివారి విషయంలో నిష్పాక్షిక సాక్షి మొదటి నుంచి చివరిదాకా ఉండాలని నిబంధన ఉంది. అదే వార్డులో స్టాఫ్ నర్సు సంతకం పెడితే నిష్పాక్షికం ఎలా అవుతుందో ఎవరూ అడగరు.

అభ్యంతరాలు మాకు తెలుసు. రోగులకు స్టాటిస్టిక్స్ రాదంటారు. నిజమే, శాంపిల్ సైజు వాళ్లని అడగమనడం లేదు. ప్లాసిబో వద్దని వాళ్లు పట్టుబడితే ఒప్పుకోవాల్సిన పనీ లేదు, ఎందుకు కావాలో వివరించాలి. అసలు ఇబ్బందులు వేరే ఉన్నాయి. పదిమంది డాక్టర్ల మధ్య ఒక్క రోగిని కూర్చోబెడితే "అంతా బాగుందండి" అని లేచి వెళతాడు. అందుకే ఇద్దరికి తగ్గకూడదు, వారిలో ఒకరు మహిళ కావాలి, చైర్మన్ మొదట వారినే అడగాలి. పరిశోధకుడి దగ్గరే వైద్యం చేయించుకునే రోగి నోరు విప్పడు, కాబట్టి ఇంకో కేంద్రం నుంచి పిలవాలి. మందుల కంపెనీ డబ్బుతో నడిచే రోగుల సంఘమైతే ఆ సంగతి ముందే చెప్పించాలి. పిలిస్తే వచ్చేది ఎప్పుడూ పట్నంలో ఉండే చదువుకున్న మగవాళ్లే కాబట్టి, మందస కొండ గ్రామం నుంచి ఒకామె రావాలంటే కారు పంపాలి, లేదా కమిటీయే అక్కడికి వెళ్లాలి.

పెద్ద కంపెనీల బహుళ కేంద్రాల ట్రయల్స్‌లో ప్రోటోకాల్ మన దగ్గరకొచ్చేసరికి సీలు వేసి ఉంటుంది. అక్కడ మనం మార్చగలిగేది సమ్మతి పత్రం, చార్జీలు, ఫోన్ నంబరు లాంటివే. కానీ మన మెడికల్ కాలేజీల్లో ఏటా జరిగే ఎండీ, ఎంఎస్, డీఎం థీసిస్‌లు పూర్తిగా మన చేతిలో ఉన్నవి. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం సినాప్సిస్ (థీసిస్ ప్రతిపాదన) ఫారంలో ఒక్క పేజీ కలిపితే చాలు. ఎంతమంది రోగులను ఏం అడిగారు, వారేం చెప్పారు, దానివల్ల ఏం మార్చారు, మార్చకపోతే ఎందుకు. "సంప్రదించాం" అని ఒక టిక్ బాక్స్ మాత్రం పెట్టవద్దు. పెడితే అందరూ టిక్కు పెడతారు.

పలాస కేంద్రంలోనూ, విశాఖ కేజీహెచ్‌లోనూ ఎనిమిదేసి మందితో, సగం మంది మహిళలతో రోగుల బృందం ఏర్పాటు చేయండి. రెండు పేజీల తెలుగు సారాంశం పది రోజుల ముందు అందాలి. చదవలేనివారికి ఫోన్లో ఆడియో పంపవచ్చు. కమిటీ సభ్యులకిచ్చే సిట్టింగ్ ఫీజే వీరికీ, అదే రోజు. మనిషికి వెయ్యి రూపాయల చొప్పున వేసుకున్నా, ఎనిమిది మందికి ఏడాదికి ఆరు సమావేశాలంటే 48,000 రూపాయలు, చార్జీలు అదనం.

ఉద్దానంలో నమూనా ఇచ్చిన ప్రతి మనిషికీ తన రిపోర్టు పదిహేను రోజుల్లో, ఏఎన్ఎం చదివి చెప్పేలా అందాలి. అధ్యయనం ముగిశాక ఆ ఊరికి ఒక పేజీ తెలుగు ఫలితం గ్రామ సచివాలయం బోర్డు మీద పెట్టాలి, ఏమీ తేలకపోయినా సరే. ట్రయల్స్ అన్నీ సీటీఆర్ఐ అనే జాతీయ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలన్న నియమం 2009 జూన్ 15 నుంచి ఉంది. ఆ వెబ్‌సైట్ ఇంగ్లిష్‌లో ఉంటుంది, వజ్రపుకొత్తూరులో ఎవరూ చూడరు.

సినాప్సిస్ ఫారంలో చేర్చాల్సిన పేజీ ముసాయిదా, సమ్మతి పత్రాన్ని పరీక్షించే ఐదు ప్రశ్నలు, జేబు కార్డు నమూనా తెలుగులో తయారుచేసి మీ కార్యాలయానికి పంపుతున్నాం. కొత్త పీజీ బ్యాచ్ సినాప్సిస్‌ల గడువుకు రెండు నెలల ముందు ఉత్తర్వు వెలువడితే ఈ ఏడాది థీసిస్‌లకే వర్తిస్తుంది. ఆ తేదీ దాటితే ఇంకో ఏడాది ఆగాలి.

ఇట్లు,
క్లినికల్ ట్రయల్ కోఆర్డినేటర్లు, ఎథిక్స్ కమిటీ సభ్యులు, ఫార్మకాలజీ అధ్యాపకులు కొందరు